ఈఎంఐ ఒక్కటే చూడకు చెల్లీ

ఇల్లు నచ్చిందనీ, బ్యాంకువాళ్లు 30 లక్షలు ఇస్తామన్నారనీ నువ్వు చెబుతుంటే నాకెంత సంతోషంగా ఉందో! సంతకాలు పెట్టేముందు మాత్రం కాసేపు నా దగ్గర కూర్చో.

మనమంతా ముందు అడిగేది "నెలకెంత కట్టాలి?" అని. లెక్క చూద్దాం. 30 లక్షలు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకో. ఈఎంఐ దాదాపు 26,035 రూపాయలు. మొదటి నెల అందులో 21,250 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది ఐదు వేలు కూడా ఉండదు. ఐదేళ్లపాటు ఒక్క నెలా తప్పకుండా పదిహేనున్నర లక్షల పైచిలుకు కట్టినా ఇంకా 26 లక్షలకు పైగా బాకీ ఉంటుంది. ఇందులో మోసమేమీ లేదమ్మా, మిగిలిన అసలు మీద వడ్డీ కట్టే పద్ధతే అంత.

"ముప్పై ఏళ్లు పెట్టుకోండి మేడమ్, ఈఎంఐ తగ్గుతుంది" అంటారు. నిజమే, 23,067కి దిగుతుంది. కానీ ఆ మూడు వేల కోసం మొత్తం వడ్డీ 32 లక్షల 48 వేల నుంచి 53 లక్షలకు ఎగబాకుతుంది! ఇల్లు గడవడానికి ఇబ్బంది లేనంతలో గడువు ఎంత తక్కువ పెట్టుకుంటే అంత మంచిది. ఫ్లోటింగ్ వడ్డీ మీద తీసుకున్న ఇంటి లోన్‌ను ముందే కట్టేసినా జరిమానా వేయకూడదు. బోనసో, చీటీ డబ్బో చేతికొస్తే ఏడాదికి ఒక ఈఎంఐ అదనంగా కట్టు, మూడేళ్లకు పైగా ముందే లోన్ తీరిపోతుంది. కట్టేటప్పుడు "ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించండి" అని రాసివ్వడం మరచిపోకు.

ఫ్లోటింగ్ అన్నాక సాధారణంగా రిజర్వు బ్యాంకు రెపో రేటుతో పాటు వడ్డీ పెరుగుతుంది, తగ్గుతుంది. పెరిగినప్పుడు నీకు తెలియకుండానే గడువు సాగిపోకుండా చూసుకో. ఈఎంఐ పెంచాలో, గడువు పెంచాలో ఎంచుకునే వీలు నీకివ్వాలని 2023లో రిజర్వు బ్యాంకు చెప్పింది.

చేతి నుంచి పెట్టుకునే ఖర్చులూ తక్కువేం కావు. ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద 18 శాతం జీఎస్టీ, లాయరు ఒపీనియన్, వాల్యుయేషన్... రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా సాధారణంగా లోన్ లెక్కలోకి రాదు, మీరే సర్దుకోవాలి. ఒక్కోచోట ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా లోన్‌లో కలిపేస్తారు. అప్పుడు దానిక్కూడా ఇరవై ఏళ్లు వడ్డీ కడతావు. ఇన్సూరెన్స్ వద్దనను, కావాలంటే విడిగా తీసుకో. 2024 అక్టోబరు నుంచి ప్రతి కొత్త ఇంటి లోన్‌కూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇచ్చి తీరాలి. అందులో ఏపీఆర్ అనే అంకె చూడు. ఫీజులన్నీ కలిపి లోన్ నిజంగా ఎంత పడుతుందో అదే చెబుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. మీ ఆయనతో పాటు కో-అప్లికెంట్‌గా నీ సంతకం పెడితే బాకీలో నీకు పూర్తి బాధ్యత వచ్చేస్తుంది. ఇంటిలో హక్కు మాత్రం దస్తావేజులో పేరుంటేనే. మీ ఆయన మంచివాడే, అయినా రిజిస్ట్రేషన్‌కు ముందే డ్రాఫ్టు తెప్పించుకుని నీ పేరు ఉందో లేదో నీ కళ్లతో చూసుకో. పేరు ఉంటే కొన్ని బ్యాంకులు ఆడవాళ్లకు వడ్డీ కాస్త తగ్గిస్తాయి కూడా.

లోన్ తీరాక ఒరిజినల్ కాగితాలు 30 రోజుల్లో ఇవ్వాలి. బ్యాంకువల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున నీకు చెల్లించాలి. అవి తెచ్చుకున్నాక ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కూడా తీయించి, తనఖా తొలగినట్టు ఎక్కిందో లేదో చూసుకో.