అయస్కాంతాన్ని నమ్మి క్యాను కొనరాదు

సంఘానికి స్టీలు క్యాన్లు కొనబోయే సభ్యులు కొందరు జేబులో అయస్కాంతం వేసుకొని వెళతారు. అతుక్కోకపోతే మంచి స్టీలని తీర్మానిస్తారు. ఇది చాలదు. చవకైన 202 రకానికీ అయస్కాంతం అతుక్కోదు. పైగా మెడ దగ్గర వంచినచోట అసలైన 304కే కాస్త అతుక్కోవచ్చు!

304లో క్రోమియం దాదాపు 18 శాతం ఉంటుంది, నికెలు 8 శాతానికి తగ్గదు. 202లో ఖరీదైన నికెలును దాదాపు సగానికి తగ్గించి, మాంగనీసు కలుపుతారు. కొత్తలో రెండూ ఒకేలా మెరుస్తాయి. పులిసిన పాలు, క్లోరిన్ నీళ్లు తగిలేకొద్దీ 202కు ముందుగా గుంటలు పడతాయి. వాటిలో దాగిన పాలజిడ్డును ఏ బ్రష్షూ తీయలేదు. సూక్ష్మజీవులు అక్కడే పెరుగుతాయి. అరకు నుంచి అనంతగిరి ఘాటు దిగవలసిన పాలు దారిలోనే విరిగితే నష్టం ఎవరిది? పోసినవారిదే.

మరి 316 కొందామా? అందులోని 2–3 శాతం మాలిబ్డినం ఉప్పుకు తట్టుకుంటుంది. సముద్రతీరంలో సరే, ఊటనీటితో కడిగే మన క్యానుకు ఆ ఖర్చు దండగ.

కొటేషనులోనూ బిల్లులోనూ ‘304’ అని రాయించండి. వట్టి ‘స్టీలు’ అంటే ఏదైనా ఇవ్వవచ్చు. మిల్లు పరీక్షా పత్రం అడగండి. కొన్నాక మాత్రం క్లోరిన్ నీళ్లు రాత్రంతా నిలవ ఉంచకండి, 304కూ గుంటలు పడతాయి.