శిరస్సుకు ఎక్స్-రే: తల నిలుపవలసిన తీరు

నస్యకర్మలో రోగిని వెల్లకిల పరుండబెట్టి, పాదములు కొంచెము ఎత్తుగా, తల కొంచెము పల్లముగా ఉంచవలెనని వాగ్భటుడు విధించాడు. గురుకులములో మా గురువుగారు తైలము కాచుట కంటె ముందు ఈ తల నిలుపుటనే నేర్పారు. ఎక్స్-రే విషయములోను ఇదే ప్రధానమని నాకు చాల ఆలస్యముగా తెలిసివచ్చింది.

ఆళ్లగడ్డ నుండి ఒక శిల్పి నంద్యాలలోని నా వైద్యశాలకు వచ్చాడు. "సామీ, పొద్దెక్కేకొద్దీ నొసలు పగిలిపోతాంది" అన్నాడు. సూర్యావర్తమని తోచింది. చేతిలో ఎక్స్-రే పటము ఉన్నది. రెండు చెక్కిళ్ల లోపలి గుహలును క్రిందిభాగమున తెల్లగా కనిపించినవి. రెండువైపులా కఫము నిండినదని నమ్మి చికిత్స ఆరంభించాను. పది దినములైనా గుణము లేదు. అనుభవజ్ఞుడైన ఒక రేడియోగ్రాఫరుకు పటము చూపగా, "ఇది చీము కాదండీ, చెవిలోపలి గట్టి ఎముక నీడ. పండుకోబెట్టి, గడ్డము ఎత్తించకుండా తీశారు" అన్నాడు. నాకు సిగ్గు కలిగింది.

చెక్కిలి గుహలను చూచుటకు వాటర్స్ భంగిమ అనునది ఉన్నది. రోగి కూర్చుండి, గడ్డమును ఫిల్ము పలకకు ఆనించి, ముక్కుకొన పలకకు తగులకుండ తల వెనుకకు ఎత్తవలెను. కంటి వెలికొన నుండి చెవి రంధ్రమునకు గీచిన ఊహారేఖ పలకతో సుమారు 37 డిగ్రీల కోణములో ఉండవలెను. అప్పుడు చెవి ఎముక నీడ గుహల క్రిందికి జారిపోవును. గడ్డము చాలినంత ఎత్తకపోతే ఆ నీడ గుహల మీదనే పడి రోగమని భ్రమింపజేయును. కూర్చుండబెట్టుటకు వేరొక కారణము కలదు. కుండలోని నీటివలె గుహలోని ద్రవము కూర్చున్నప్పుడే సమతలముగా నిలిచి, అడ్డగీతగా కనిపించును. పరుండినచో అది వెనుకకు పరచుకొని గీత మాయమగును.

శిల్పికి మరల తీయించాము. కుడివైపు నిర్మలముగా ఉన్నది. ఎడమవైపు మాత్రము అడ్డగీత స్పష్టముగా తెలిసింది. ఒక్క ప్రక్కనే ఇట్లుంటే పైదవడ దంతములను పరీక్షించవలెను. అతని దంతము వేరు వరకు పుచ్చినది. దంతవైద్యుడు, చెవి ముక్కు గొంతు వైద్యుడు కలిసి బాగుచేశారు. నా నస్యమునకు అందులో పాలు లేదు.

కపాలమునకు నేరుగా తీయునప్పుడు నుదురు, ముక్కు రెండును పలకకు తగిలియుండవలెను. ప్రక్కనుండి తీయునప్పుడు, నొప్పి ఉన్న ప్రక్కను పలకవైపు ఉంచి, ముఖమధ్యరేఖ పలకకు సమాంతరముగా, రెండు కనుపాపలను కలుపు రేఖ దానికి లంబముగా నిలుపవలెను. ఆళ్లగడ్డ శిల్పులకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. శిలపై బ్రహ్మసూత్రము గీయనిదే వారు ఉలి పట్టరు కదా! ఆ రేఖ కొంచెము తిరిగినా కుడియెడమల ఎముకలు ఒకదానిపై ఒకటి కూడక జంటగీతలుగా కనిపించి పటము తప్పుదారి పట్టించును.

తీయువారికి తోడ్పడుట రోగి పని. కమ్మలు, ముక్కుపుడక, జడపిన్నులు, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు ముందే తీసివేయవలెను. లోహపు పిన్నులున్న సవరమును కూడ విప్పవలెను. మీట నొక్కునప్పుడు కదలక, ఊపిరి బిగబట్టవలెను. గర్భవతులు ఆ సంగతి ముందుగా చెప్పవలెను. బిడ్డ తలను పట్టుకొనుటకు వారిని గదిలోనికి పంపరాదు.

బండిపై నుండి పడి తలకు దెబ్బ తగిలిన వానికి ఈ భంగిమలు వర్తించవు. మెడ ఎముక విరిగియుండవచ్చును. గడ్డము ఎత్తించుట, మెడ తిప్పుట ప్రాణాపాయము. నేడు అట్టివారికి సి.టి. స్కాను శ్రేష్ఠము. తలపై తైలము మర్దించుట, నస్యము వేయుట చేయక కదలకుండ ఆసుపత్రికి చేర్చవలెను.

మామూలు పడిశమునకు ఎక్స్-రే అవసరము లేదు. క్రొత్త పడిశములో నస్యము కూడ నిషిద్ధమే. కంటి చుట్టు వాపు, చూపు మసకబారుట, తీవ్రజ్వరముతో వాంతులు కలిగితే మాత్రము ఇంటి వైద్యముతో కాలయాపన చేయరాదు. మరల పటము తీయించవలసి వస్తే పాతదానిని పారవేయక వెంట తీసుకొని వెళ్లవలెను.