పిప్ – జో : ఒక పాత్రపరిశీలన

ఆంగ్ల నవలాకారులలో చార్లెస్ డికెన్స్ (1812–1870) సుప్రసిద్ధుడు. ఆయన రచించిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' 1860 డిసెంబరు నుండి 1861 ఆగస్టు వరకు ఆయన సొంత వారపత్రిక 'ఆల్ ది ఇయర్ రౌండ్'లో ధారావాహికగా వెలువడింది. 'ఎక్స్‌పెక్టేషన్స్' అంటే ఆశలు మాత్రమే కావు. మున్ముందు చేతికి రానున్న ఆస్తి అనే అర్థం కూడా ఆనాటి వాడుకలో ఉన్నది. కథ అంతా ఈ రెండర్థాల నడుమ సాగుతుంది.

కథానాయకుడు పిప్ తల్లిదండ్రులు లేని బాలుడు. చిత్తడినేలల పక్కన ఒక పల్లెలో అక్క ఇంట పెరుగుతాడు. అక్క కఠినురాలు. బావ జో గార్జరీ కమ్మరి. చదువురానివాడు, పరమ సాత్త్వికుడు. సంకెళ్ళతో తప్పించుకొని వచ్చిన మాగ్విచ్ అనే ఖైదీకి పిప్ భయపడి ఆహారం, ఆకురాయి తెచ్చి ఇస్తాడు. తరువాత మిస్ హావిషమ్ అనే ధనికురాలి ఇంట ఎస్టెల్లా అనే బాలిక అతని మోటు చేతులను, బరువైన బూట్లను చూసి హేళన చేస్తుంది. అంతవరకు పిప్ తన చేతుల సంగతి ఆలోచించి ఎరుగడు. నవలలోని ప్రధానాంశమైన సిగ్గు ఇక్కడే మొలకెత్తింది. కొన్నేళ్ళకు అజ్ఞాతదాత ఎవరో ధనమిచ్చి పిప్‌ను పెద్దమనిషిగా తీర్చిదిద్దవలసిందని కోరగా, అతడు లండన్ చేరుతాడు.

పాత్రచిత్రణను గురించి వ్రాయమంటే 'జో మంచివాడు, పిప్ కృతఘ్నుడు' అని విశేషణాలు పేర్చడం విద్యార్థులకు పరిపాటి. అది తీర్పే కాని పరిశీలన కాదు. పాత్ర ఏమి చేసింది, ఏమి అనలేకపోయింది, ఆ కథ మనకు చెబుతున్నది ఎవరు అని చూడాలి.

జో లండన్ వచ్చే సన్నివేశం ఇందుకు మంచి ఉదాహరణ. బావ వస్తున్నాడని తెలిసి పిప్ సంతోషించడు; డబ్బిచ్చి ఆపగలిగితే ఇచ్చి ఉండేవాడినని తానే ఒప్పుకొంటాడు. బిగుతైన కొత్త దుస్తులలో వచ్చిన జో తన టోపీని ఎక్కడ పెట్టాలో తెలియక గూటి అంచున పెడతాడు. అది మాటిమాటికీ జారిపడుతుంది, అతడు మాటిమాటికీ పట్టుకొంటాడు. చదువరికి నవ్వు వస్తుంది. ఎత్తుకొని పెంచిన పిల్లవాడిని జో 'సర్' అని పిలవడం వినగానే ఆ నవ్వు ఆగిపోతుంది. వెళ్ళేముందు మాత్రం అతడు తడబడడు. తన చోటు కొలిమి దగ్గరనీ, పనిబట్టలలో చూస్తే తనలో ఇన్ని లోపాలు కనిపించవనీ నిర్మలంగా చెప్పి సెలవు తీసుకొంటాడు. ఒక్క నిష్ఠురమైనా ఆడడు. నొచ్చుకొన్నాడని రచయిత ఎక్కడా ప్రకటించడు. మన ఆలంకారికులు ధ్వని అన్నది ఇటువంటిదాన్నే.

ఈ కథను చెబుతున్నవాడు వయసు వచ్చిన పిప్. సిగ్గుపడిన యువకుడు ఒకరు, ఆ సిగ్గుకు సిగ్గుపడుతున్న పెద్దవాడు మరొకరు. ఒకే 'నేను'లో ఈ ఇద్దరూ ఉండటంవల్లనే పిప్‌ను మనం ద్వేషించలేము. డికెన్స్‌కు ఈ బాధ కొత్తది కాదు. 1824లో తండ్రి అప్పులపాలై మార్షల్‌సీ చెరసాలకు వెళ్ళగా, పన్నెండేళ్ళ డికెన్స్ బూట్లకు పూసే నల్లరంగు డబ్బాలకు చీటీలు అంటించే పనిలో చేరాడు. ఆ సంగతిని ఆయన బ్రతికినంతకాలం దాచాడు. మరణానంతరం, మిత్రుడు జాన్ ఫార్‌స్టర్ వ్రాసిన జీవితచరిత్ర ద్వారానే లోకానికి తెలిసింది.

ధనమిచ్చినది మిస్ హావిషమ్ అని పిప్ నమ్మాడు. ఇచ్చినవాడు మాగ్విచ్ అని ఒక తుఫాను రాత్రి బయటపడుతుంది. ద్వీపాంతరం పంపబడిన ఆ ఖైదీ ఆస్ట్రేలియాలో కష్టించి సంపాదించి, తనకు అన్నం పెట్టిన బాలుడి కోసం పంపాడు. అతడు చేయి చాచితే మొదట పిప్ అసహ్యంతో కుంచించుకుపోతాడు. చివరకు మరణశిక్ష పడిన అతని చేతిని న్యాయస్థానంలో అందరి ఎదుట పట్టుకొని నిలుస్తాడు. మోటు చేతులకు సిగ్గుపడిన బాలుడు ఇక్కడికి చేరాడు. మార్పును గురించి ప్రసంగించకుండా చేతులతోనే చూపించడం రచయిత ప్రతిభ.

ఆస్తి పోయి, జబ్బుపడిన పిప్‌కు సేవ చేసేది జో. రోగి నీరసంగా ఉన్నంతకాలం పాత చనువుతోనే మాట్లాడతాడు. కోలుకొంటున్నకొద్దీ మళ్ళీ 'సర్' అనడం మొదలుపెడతాడు. ఆ దూరం తాను పెంచినదేనని పిప్‌కు అప్పుడు తెలుస్తుంది. ఒక ఉదయం లేచేసరికి జో వెళ్ళిపోయి ఉంటాడు. చిన్న ఉత్తరం, దానితోపాటు పిప్ అప్పు తీర్చినట్లు రసీదు మిగిలి ఉంటాయి. జోకు వ్రాయడం నేర్పినది బిడ్డీ అనే యువతి. అక్క చనిపోయిన తరువాత జో ఆమెను వివాహమాడతాడు. తూర్పుదేశంలో ఉద్యోగం చేసి పదకొండేళ్ళకు పిప్ తిరిగి వచ్చేసరికి, వంటింటి పొయ్యి పక్కన తన పాత చిన్నపీటపై ఒక పసివాడు కూర్చొని ఉంటాడు. వాడికి జో పెట్టిన పేరు పిప్.