ఇంటి సర్వర్‌కు పై తరగతి: సెలవుల్లో పిల్లలతో కలిసి చేయదగ్గ పని



కొత్త ల్యాప్‌టాప్ కొన్నాక పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి, కుటుంబం ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు, పాఠాల వీడియోలు అందులో దాచుకునేవారు మీలో ఉండే ఉంటారు. అందులో ఉన్నది ఉబుంటు 20.04 అయితే ఈ పాఠం మీకోసమే. దాని సాధారణ మద్దతు 2025 మే నెలతో ముగిసింది. అయినా యంత్రం ఆగదు, ఫొటోలు ఎప్పటిలాగే తెరుచుకుంటాయి. చిక్కంతా అక్కడే ఉంది. భద్రతా లోపాలకు మరమ్మతులు రావడం ఆగిపోయిందని ఎవరూ గంట కొట్టి చెప్పరు. ఆఫీసు నుంచి కూడా ఫొటోలు చూసుకునేలా రౌటర్‌లో దారి తెరిచి పెట్టుకున్నవారు మరీ ఆలస్యం చేయకండి.

ఈ చదువులో డబుల్ ప్రమోషన్ లేదు. 20.04 నుంచి 22.04కు, అక్కడి నుంచి 24.04కు ఒక్కో మెట్టే ఎక్కాలి. 22.04కు 2027 వరకు, 24.04కు 2029 వరకు సాధారణ మద్దతు ఉంది. రెండు మెట్లూ ఒకే రోజు ఎక్కాలనే తొందర వద్దు. మొదటిది ఎక్కాక రెండు మూడు రోజులు వాడి చూడండి.

అన్నిటికంటే ముందు బ్యాకప్. ఫొటోలను విడి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తే సగం పనే అయినట్టు. ఆ డిస్క్‌ను మరో కంప్యూటర్‌కు తగిలించి, నాలుగైదు ఫోల్డర్లలోని ఫొటోలు, ఒకటి రెండు వీడియోలు నిజంగా తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలో వేసుకోకండి. అమ్మమ్మ గొంతు రికార్డింగు లాంటివి మళ్లీ దొరికేవి కావు. నెక్స్ట్‌క్లౌడ్ వాడుతుంటే ఫోల్డర్లతోపాటు దాని డేటాబేస్‌కూ, సెట్టింగుల ఫైలుకూ కాపీ తీయాలి. ఆ పని పూర్తయ్యాక డిస్క్‌ను ఊడదీసి బీరువాలో పెట్టేయండి.

తర్వాత కరెంటు సంగతి. మధ్యలో కరెంటు పోతే సగం పాత, సగం కొత్త వ్యవస్థ మిగులుతుంది, దాన్ని సరిచేయడం పెద్ద తలనొప్పి. ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమా పడకండి. చాలా ఇన్వర్టర్లు మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారే ఆ క్షణంలోనే డెస్క్‌టాప్ రీస్టార్ట్ అయిపోతుంది. వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి ముందే మార్చుకోండి. మీ సర్వర్ పాత ల్యాప్‌టాప్ అయితే, దాని బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో పరీక్షించుకోండి.

ఇక అసలు పని చిన్నదే. ఉన్న వెర్షన్‌కు వచ్చిన అప్‌డేట్లన్నీ వేసి, రీస్టార్ట్ చేసి, డిస్క్‌లో ఖాళీ ఉందో లేదో చూసుకుని, 'డు రిలీజ్ అప్‌గ్రేడ్' ఆదేశం ఇవ్వాలి. మధ్యమధ్యలో అది ప్రశ్నలు వేస్తుంది. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలుంటే ఆ ప్రశ్నలు చదివి అర్థం చెప్పే పని వాళ్లకివ్వండి. పాస్‌వర్డ్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. మీరు మార్చుకున్న సెట్టింగుల ఫైలు ఉంచాలా, కొత్తది వేయాలా అని అడిగితే, ముందు రెంటికీ తేడా చూపించమనండి. తేడా అర్థం కాకపోతే మీ ఫైలునే ఉంచండి. బయటి సంస్థల నుంచి తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్ మూలాలను ఈ ప్రక్రియ ఆపేస్తుంది. అప్‌గ్రేడ్ అయ్యాక వాటిని మీరే మళ్లీ తెరవాలి.

ఎక్కువ ఇళ్లలో తడబాటు వచ్చేది నెక్స్ట్‌క్లౌడ్ దగ్గరే. ఉబుంటు వెర్షన్‌తోపాటు పీహెచ్‌పీ 7.4 నుంచి 8.1కు, తర్వాత 8.3కు మారుతుంది. 8.3 వచ్చేసరికి పాత నెక్స్ట్‌క్లౌడ్ తెరుచుకోదు. అందుకే 22.04 దగ్గర ఆగినప్పుడే దాన్ని కొత్తది చేసుకోండి. దానికీ ఒక్కో పెద్ద వెర్షన్ చొప్పునే ఎక్కాలి.

ఇంట్లో ఈ ఏడాది పదో తరగతి విద్యార్థి ఉండి, నోట్సులన్నీ ఆ సర్వర్‌లోనే ఉంటే, పరీక్షలు అయ్యేదాకా దాన్ని కదపవద్దనే మా సలహా. అంతవరకు ఉబుంటు ప్రోలో నమోదు చేసుకోండి. సొంత వాడకానికి 5 యంత్రాల వరకు ఉచితం, 20.04కు 2030 వరకు భద్రతా మరమ్మతులు వస్తాయి. బ్యాకప్ మాత్రం ఈ ఆదివారమే తీసేయండి.