దీవికి వెళ్తున్నాం... భయమేం లేదు కదా డాక్టరుగారూ?
సందేహాలు - సమాధానాలు

వానలు వెనకబట్టాయి, చెరువులు నిండుగా ఉన్నాయి. లక్నవరం దీవులకో, నాగార్జునకొండకో వెళ్లిరావాలనుకుంటున్న వారి ఉత్తరాలు ఈసారి చాలా వచ్చాయి. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ నీళ్లంటే భయం కనిపించింది. ఆ భయం సహజమే. ఏం చేయాలో తెలిస్తే అది సగానికి తగ్గుతుంది. చేయాల్సినవన్నీ పడవ ఎక్కకముందు, ఒడ్డు మీద ఉన్నప్పుడు చేసేవే.

దసరా సెలవుల్లో లక్నవరం వెళ్దామని మావారు, నాగార్జునకొండ చూద్దామని మా మరిది. ఇద్దరు చిన్నపిల్లలతో ఒక్కరోజులో పోయి రాగలమా? చీకటి పడ్డాక ప్రయాణమంటే నాకు బుగులు.
- ఒక గృహిణి, హుజూరాబాద్

జవాబు: చీకటి ప్రయాణం గురించి మీరు జాగ్రత్తపడటం మంచిదేనమ్మా. లక్నవరానికి హనుమకొండ, ములుగు మీదుగా వెళ్లి చల్వాయి దగ్గర లోపలికి తిరగాలి. పొద్దుగాల ఆరింటికల్లా బయలుదేరి, మధ్యాహ్నం మూడింటికి తిరుగుముఖం పడితే వెలుగుండగానే ఇల్లు చేరతారు. నాగార్జునకొండ అలా కాదు, హైదరాబాద్ దాటాక నాగార్జునసాగర్‌కే దాదాపు 150 కిలోమీటర్లు. అక్కడ ఒక రాత్రి బస పెట్టుకోండి. శుక్రవారం నాగార్జునకొండ మ్యూజియానికి సెలవు, నీటిమట్టాన్ని బట్టి లాంచీలు ఆగిపోతుంటాయి కూడా. అందుకే ముందురోజు పర్యాటక శాఖ వారికి ఫోన్ చేసి కనుక్కోండి.

కచ్చులూరు బోటు ప్రమాదం టీవీలో చూసినప్పటి నుంచి పడవ అంటే వణుకు పుడుతుంది. పిల్లలేమో లక్నవరంలో బోటు ఎక్కుదామంటున్నారు. నాది అనవసర భయమా?
- ఒక తల్లి, పెద్దపల్లి

జవాబు: అనవసర భయం కానే కాదమ్మా, ఆ దృశ్యాలు చూసినవారెవరికైనా అలాగే ఉంటుంది. 2019 సెప్టెంబరు 15న ఆ బోటు వెళ్లింది వరదలో ఉన్న గోదావరి మీద. లక్నవరం కాకతీయుల కాలంలో కొండల మధ్య కట్టిన చెరువు, అక్కడ అలాంటి ప్రవాహం ఉండదు. అయినా ఎక్కేముందు మూడు చూసుకోండి: ఎక్కే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉందా, రాసి ఉన్న పరిమితికి మించి జనాన్ని ఎక్కిస్తున్నారా, ఆకాశంలో మబ్బు కమ్ముతోందా. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఆ పూట ఎక్కకండి.

మా ఇంట్లో ఎవరికీ ఈత రాదు. అసలు మేం బోటు ఎక్కవచ్చా?
- ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఎక్కవచ్చు, దిగులుపడకండి. బోటు ఎక్కేవారిలో చాలామందికి ఈత రాదు, లైఫ్ జాకెట్ ఉన్నది అందుకే. ఈత వచ్చినవారు కూడా బట్టలతో, కంగారులో ఎక్కువసేపు ఈదలేరు కాబట్టి జాకెట్ అందరికీ అవసరమే. ఒడ్డు మీదే వేసుకుని, బెల్టులన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. అది గడ్డం దాటి పైకి రాకూడదు. ఒళ్లో పెట్టుకున్న జాకెట్, క్లిప్పులు తెగిన జాకెట్ లేనట్టే లెక్క.

మా మనవడికి మూడేళ్లు, ఒక్కచోట కూర్చోడు. గట్టిగా ఒళ్లో పట్టుకుంటే సరిపోతుందా?
- ఒక నానమ్మ, సిరిసిల్ల

జవాబు: మనవడి మీద మీ శ్రద్ధ తెలుస్తోందమ్మా, కానీ ఒళ్లో పట్టుకోవడం ఒక్కటే చాలదు. బోటు ఒక్కసారి కుదిపితే ఎవరి చేతులైనా వదులవుతాయి. పిల్లల సైజు జాకెట్ అడగండి, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదైతే పైకి జారిపోదు. పెద్దల జాకెట్ వేస్తే తల కిందికి జారిపోతుంది, గాలి ఊదే ట్యూబులు జాకెట్‌కు సాటిరావు. బాబుకు సరిపడేది లేదంటే, లక్నవరంలోనైతే మీరిద్దరూ అక్కడి వేలాడే వంతెన మీదుగా దీవికి నడిచి వెళ్లండి, ఆ ఆనందం కూడా తక్కువేం కాదు.

బస్సెక్కితేనే మా పాపకు వాంతులు. పడవలో ఇంకా ఎక్కువవుతాయా? పాపకు తొమ్మిదేళ్లు.
- ఒక తండ్రి, మంచిర్యాల

జవాబు: ఈ వయసులో ఇది చాలా మామూలు, కంగారుపడకండి. చెవి లోపలి భాగం శరీరం కదులుతోందని చెబుతుంటే, కళ్లు కదలడం లేదని చెబుతాయి. ఆ తేడా వల్ల కడుపులో తిప్పుతుంది, దీన్నే మోషన్ సిక్‌నెస్ అంటారు. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్లో ఇది ఎక్కువ, పెద్దయ్యే కొద్దీ తగ్గుతుంది. చెరువులో అలలు తక్కువ కాబట్టి పాపను ఇబ్బంది పెట్టేది పడవకన్నా బస్సే. ముందు సీట్లో కూర్చోబెట్టి దూరంగా చూడమనండి, ఫోన్ ఇవ్వకండి, ఖాళీ కడుపుతో కాకుండా తేలికగా తినిపించండి. మాత్ర వేయాలంటే బయలుదేరే ముందే వేయాలి, మోతాదు పిల్లల డాక్టరును అడగండి. దిగిన తర్వాత కూడా గంటల తరబడి వాంతులు ఆగకపోయినా, విపరీతమైన తలనొప్పి, మగత ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నాకు ఐదో నెల. ఆడబిడ్డలంతా వెళ్తున్నారు, నేను కూడా వెళ్లవచ్చా? పడవ కుదుపులకు బిడ్డకేమైనా అవుతుందా?
- ఒక సోదరి, కరీంనగర్

జవాబు: సాఫీగా సాగుతున్న గర్భమైతే వెళ్లవచ్చమ్మా. బిడ్డ చుట్టూ ఉమ్మనీరు ఉంటుంది, చెరువు మీద చిన్న కుదుపుల వల్ల ఏమీ కాదు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా ప్రయాణాలకు కాస్త సుఖమైన కాలం కూడా. రోడ్డు మీద మాత్రం రెండు గంటలకోసారి బండి ఆపించి నాలుగడుగులు వేయండి, నీళ్లు తాగండి, బోటు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒకరి చేయి పట్టుకోండి. మాయ కిందికి ఉందనో, విశ్రాంతి కావాలనో మీ డాక్టరు చెప్పి ఉంటే ఈసారి మానుకోండి. రక్తం కనిపించినా, నీరు పోయినా, పొత్తికడుపులో నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాలి.

మా బాపుకు 68 ఏళ్లు, షుగర్‌కు ఇన్సులిన్ తీసుకుంటాడు. దీవిలో ఉండగా ఏమైనా అయితే ఏం చేయాలి?
- ఒక కూతురు, వేములవాడ

జవాబు: ఈ వయసులో, షుగర్‌తో విహారానికి వెళ్లేవారు ఎందరో ఉన్నారు, బాపును ఇంట్లో వదిలి వెళ్లాల్సిన పనిలేదు. బోటు కోసం ఎదురుచూస్తూ భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోవచ్చు, మనం చూసుకోవలసింది అదే. తిండి చేతిలో సిద్ధంగా ఉన్నప్పుడే ఇన్సులిన్ తీసుకోమనండి. ఇన్సులిన్ సంచిని ఎండలో ఆగిన కారులో వదలకండి. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే, లేదా పరీక్షలో 70 కన్నా తక్కువ ఉంటే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

మా తమ్ముడికి 22 ఏళ్లు. మూర్ఛకు మందులు వాడుతున్నాడు. స్నేహితులతో లక్నవరం పోతానంటున్నాడు. ఆపాలా, పంపాలా?
- ఒక అక్క, నిర్మల్

జవాబు: తమ్ముడి సంతోషం, క్షేమం రెండూ చూస్తున్నారు కాబట్టే మీకీ సందేహం వచ్చింది. మందులు తప్పకుండా వేసుకుంటూ చాలాకాలంగా ఫిట్స్ రాకుండా ఉంటే, తన డాక్టరు సరేనన్నాక వెళ్లవచ్చు. బోటులో కూర్చోవడం వేరు, నీళ్లలోకి దిగడం వేరు. ఎంత లోతు తక్కువైనా ఈతకు మాత్రం దిగకూడదని గట్టిగా చెప్పండి. నిద్ర చెడితే ఫిట్స్ వచ్చే అవకాశం ఎక్కువ, అందుకే ముందురాత్రి బాగా నిద్రపోవాలి. వెంట వచ్చేవారిలో ఒకరికైనా విషయం తెలిసి ఉండాలి. ఈమధ్యే ఫిట్స్ వచ్చి ఉన్నా, మందు మార్చి ఉన్నా ఈసారి వాయిదా వేయండి.

మా అత్తమ్మకు నీళ్లు చూస్తే గుండె దడ, చేతులు చల్లబడతాయి. అది భయమా, గుండెజబ్బా? ఎట్లా తెలుస్తుంది?
- ఒక కోడలు, హుస్నాబాద్

జవాబు: నీళ్లు చూసినప్పుడే వచ్చి, ఒడ్డుకు దూరంగా కూర్చోగానే తగ్గే దడ చాలావరకు భయం వల్లే, దాన్ని ప్యానిక్ అటాక్ అంటారు. ముక్కుతో గాలి పీల్చి, పీల్చినదానికన్నా నెమ్మదిగా వదలమనండి, కాసేపట్లో కుదుటపడుతుంది. బోటింగ్ నడిచే రోజు చూసి, ముందు మన కరీంనగర్ మానేరు డ్యాంలో చిన్న చుట్టు తిప్పండి, ధైర్యం వస్తుంది. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పడితే మాత్రం భయమేలే అని ఊరుకోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆమెకు బీపీ, షుగర్ ఉంటే వెళ్లేముందే ఒకసారి పరీక్ష చేయించడం మేలు.

నాగార్జునకొండ చూసి నిన్ననే వచ్చాం. మంచం మీద పడుకున్నా లాంచీలో ఊగుతున్నట్టే ఉంది. తలకేమైనా అయిందా?
- ఒక ఉపాధ్యాయిని, ఆదిలాబాద్

జవాబు: ఏమీ కాలేదమ్మా, నిశ్చింతగా ఉండండి. లాంచీ కదలికకు అలవాటుపడిన మెదడు తిరిగి నేలకు అలవాటుపడటానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఒకటి రెండు రోజుల్లో దానంతటదే పోతుంది, అప్పటిదాకా బండి నడపకండి. మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, చేయో కాలో పట్టు తప్పడం ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఊగుడు వారాల తరబడి తగ్గకపోతే చెవి ముక్కు గొంతు వైద్యులను కలవండి.

కాలేజీ నుంచి అందరం లక్నవరం వెళ్తున్నాం. నాకు బోటు ఎక్కాలని లేదు. చెబితే నవ్వుతారేమోనని భయం. మొహమాటానికి ఎక్కేయాలా?
- ఒక విద్యార్థిని, గోదావరిఖని

జవాబు: ఎక్కనక్కర్లేదు తల్లీ, భయం ఉన్నంత మాత్రాన నువ్వు పిరికిదానివి కావు. ఇష్టం లేకుండా ఎక్కినవారు నీటి మధ్యలో కంగారుపడి లేచి నిలబడితేనే అందరికీ ముప్పు. లక్నవరంలో వంతెన మీదుగా నడిచే దారి ఉంది, ఒడ్డున కూర్చుని చెరువు చూసినా ఆ రోజు వృథా కాదు. ఇంకోటి, ఫొటోల కోసం అంతా ఒకే పక్కకు చేరకూడదని నీ స్నేహితులకు చెప్పు. జాకెట్లు చాలకపోయినా, గాలి లేచినా "ఈ బోటు వద్దు" అనే మాట ముందుగా నువ్వే అను. నీతోపాటు అలాగే అనుకుంటూ ఊరుకున్నవారు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు.