నారుమడిలో బూజు, ఎదుగుదల లేని నారు

సేద్యమునందు రైతునకు కలుగు నష్టములలో నారుమడి నష్టము కంటికి చిన్నదిగా కన్పట్టును. పోయినది సెంటు నేలలోని నారేకదా యని తోచును. కాని ఆ సెంటు నేలలో పెరిగిన మిరప నారు ఎకరము పొలమునకు సరిపడునది. అది చచ్చినచో మరల విత్తనము కొనవలెను. మరల నారు అందివచ్చుటకు ఇంచుమించు ఆరు వారములు ఆగవలెను. అప్పు తెచ్చి సంకర విత్తనము కొన్న సభ్యునకు ఆ ఆరు వారములతో అదనే తప్పిపోవును. కావున నారుమడిని గూర్చి ఈ నెల కొంత విపులముగా వ్రాయుచున్నాము.

ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల మిరప, వంగ, టమాటా నారు పోయువారు తరచుగా చెప్పు మాటలు రెండు: “నారు బూజుపట్టి పడిపోవుచున్నది”, “నారు మొలచినది గాని ఎదుగుట లేదు”. ఈ రెండింటిని వేర్వేరు రోగములుగా నెంచి మొదటిదానికి మందును, రెండవదానికి యూరియాను వాడుచుందురు. పెక్కు చోట్ల ఈ రెంటికిని మూలమొక్కటే: మడిలో నీరు ఎక్కువై గాలి తక్కువగుట. ఎదుగని నారునకు ఆకలియని తలచి నీరును, యూరియాను పెంచినకొలది కాడ మెత్తబడి తెగులునకు మరింత లోకువగును.

తెగులు స్వభావము

దీనిని మనవారు నారుకుళ్ళు తెగులని, మాగుడు తెగులని పిలుతురు. ఇది ముఖ్యముగా పిథియం, రైజోక్టోనియా అను శిలీంధ్రజాతుల వలన వచ్చును. పిథియం నీటి బూజు. దాని బీజములు నేలలోని తడిలో ఈదుచు వేరునుండి వేరునకు పోగలవు. మడిలో నీరు నిలుచుటయనగా దానికి బాట వేయుటయే. గింజ మొలవకమునుపే కుళ్ళినచో మనము విత్తనమును నిందింతుము. మొలచిన పిదప పట్టినచో కాడ నేలమట్టమున నీరుకారి, సన్నబడి, నారు గుండ్రని మచ్చలుగా ఒరిగిపోవును.

ఈ జాతి మన సీమకు క్రొత్తది కాదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో గోదావరి ప్రాంతపు తాటిచెట్లకు మొవ్వుకుళ్ళు తగిలినప్పుడు, పూసాలోని బట్లరు అను శాస్త్రజ్ఞుడు దానిని పరిశీలించి, కారణమైన శిలీంధ్రమును 1907లో పిథియంలోనే చేర్చి వర్ణించెను. తరువాత దానిని దగ్గరి చుట్టమైన ఫైటోఫ్తొరా జాతిలో చేర్చిరి. తాడంతటి చెట్టును కూల్చిన వంశమునకు నాలుగంగుళముల నారు ఒక లెక్కగాదు.

పెరికి చూచి తెలిసికొనుట

మందు కొనుటకు ముందు మడిలో నాలుగైదు చోట్ల మొక్కలను మెల్లగా పెరికి, వేళ్ళను కడిగి చూడవలెను.

1. వేళ్ళు గోధుమరంగై, వ్రేళ్లతో లాగగా పైతోలు ఊడి లోపలి దారము మాత్రము మిగిలినచో నీటి బూజు పట్టినదని గ్రహింపవలెను.

2. నేలమట్టమున కాడ ఎర్రగోధుమ రంగున ఎండి, తీగవలె సన్నబడినచో రైజోక్టోనియాయని అనుమానింపవచ్చును.

3. వేళ్ళు తెల్లగా నుండి, కాడ పొడుగై పాలిపోయినచో వెలుతురు చాలలేదు. పాకలోను, దట్టమైన నీడవల క్రిందను పెంచు నారునకు ఇది సామాన్యము.

4. ఆకుల అంచులు మాడి, మన్నుపై తెల్లని పొర తేలినచో నీటిలోగాని, సరిగా కడుగని కొబ్బరిపొట్టులోగాని ఉప్పున్నది. ఉప్పుటేరు మీదుగా సముద్రపు పోటు తగులు కొల్లేటి దిగువ గ్రామములవారు దీనిని మరువరాదు.

5. వేళ్ళు తెల్లగా, వెలుతురు చాలినంతగా నుండి, ముదురాకులు పసుపుబారినప్పుడు మాత్రమే ఆకలిని తలపవలెను.

మడిపై పచ్చని పాచి కట్టినచో తడి మితిమీరినదనుటకు అదియే సాక్ష్యము. చివికిన పెంటపై కనబడు తెల్లని బూజు అంతయు తెగులు కాదు; దానిలో పెక్కు పెంటను తిని బ్రతుకునదే. కాడను, వేరును చూచియే నిశ్చయింపవలెను.

నివారణ

కొల్లేటి అంచున నల్లరేగడి నీటిని పట్టి విడువదు. అచ్చట మడిని జానెడు ఎత్తు చేసి, చుట్టును కాలువ తీసి, ఇసుకయు బాగుగా చివికిన పశువుల ఎరువును కలుపక తప్పదు. తాడేపల్లిగూడెమునకు ఎగువనున్న మెట్ట ఎర్రనేల త్వరగా ఆరును గాని, ఏటేట ఒకే చోట నారు పోసినచో అచ్చటను తెగులు పేరుకొనును. మడి స్థలమును మార్చుట మేలు. మార్చ వీలులేనివారు ఎండకాలమున మడిని తడిపి, పారదర్శకమైన పలుచని పాలిథీన్ పట్టాను బిగించి, అంచులు మట్టితో కప్పి, నాలుగు నుండి ఆరు వారములు ఉంచవలెను. ఎండవేడికి నేలలోని శిలీంధ్రములు చాలవరకు నశించును.

కిలో విత్తనమునకు 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పట్టించి, వరుసలలో పలుచగా, లోతు లేకుండ విత్తవలెను. తడి ఉదయమే ఇచ్చి, సాయంకాలమునకు మడి పైపొర ఆరునట్లు చూడవలెను. అట్టలలో పెంచువారు వానిని నేలపై నుంచక, క్రింద గాలి ఆడునట్లు ఎత్తున నిలుపవలెను.

తెగులు కనబడినచో ముందు నీరు ఆపవలెను. పడిన మొక్కలను, వాని చుట్టు బెత్తెడు మట్టితో సహా తీసి దూరముగా పూడ్చవలెను. పిమ్మట లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మిగిలిన మడి మొదళ్ళు తడియునట్లు పోయవలెను. ఒక శాతము బోర్డో మిశ్రమమైనను పనికివచ్చును. దానికి 1 కిలో మైలుతుత్తము, 1 కిలో సున్నము, 100 లీటర్ల నీరు కావలెను. ఇనుప పాత్ర వాడరాదు; ముంచిన ఇనుప కత్తిపై రాగిరంగు పట్టినచో ఇంకను సున్నము కలుపవలెను. రాగి మందు ట్రైకోడెర్మాకును శత్రువే గనుక రెంటిని ఒకేసారి వాడరాదు. అది చేపలకును విషము. మిగిలిన మందును, కడిగిన నీటిని చెరువులలోనికిగాని, కొల్లేటికి పోవు కాలువలలోనికిగాని విడువరాదు.

కుళ్ళిన మొక్కను ఏ మందును లేపలేదు. మందు ప్రక్క మొక్కను మాత్రమే కాపాడును. అందుచేత మడి కట్టునాడు చేసిన పనియే ముఖ్యము. సందేహము కలిగినవారు వేళ్ళతో సహా నాలుగు మొక్కలను తీసికొని తాడేపల్లిగూడెము చెంత వెంకటరామన్నగూడెమున 2007లో నెలకొన్న ఉద్యాన విశ్వవిద్యాలయమువారికి చూపవచ్చును.

ఒక ఊరి సభ్యులు పదిమంది కలిసి, మెరకనున్న ఒక్క చోట నారు పోసికొన్నచో పాలిథీన్ పట్టా, ఎత్తుమళ్ళు, కాపలా ఖర్చు పదిమందికి పంచుకొనవచ్చును. ఒకని మడిలో తెగులు మొదలైన నాడే పదిమందికిని తెలియును. విత్తుటకు ముందే సభ్యులు కూడి ఈ సంగతి ఆలోచింతురుగాక.