గాజు చల్లారడానికీ ఓ లెక్క ఉంది

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన, అరియాంకుప్పం నది ఒడ్డున ఉన్న అరికమేడు గాజు పూసల తయారీకి పేరొందిన ప్రాచీన రేవు. 1945లో మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాలు రోమన్ ప్రపంచంతో దీనికున్న వాణిజ్య సంబంధాన్ని వెలుగులోకి తెచ్చాయి. కరిగిన గాజును సన్నటి గొట్టంగా సాగదీసి, ముక్కలు కోసి ఇక్కడ పూసలు చేసేవారు. తిరుపతి సమీపంలోని పాపానాయుడుపేటలో ఇలాంటి పద్ధతి 20వ శతాబ్దంలోనూ కొనసాగింది.

కొద్ది మిల్లీమీటర్ల పూస త్వరగా, దాదాపు సమానంగా చల్లారుతుంది. రంగు గాజు పలకలను పేర్చి, విద్యుత్ బట్టీలో సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వద్ద అతికించి చేసే మందపాటి పళ్లెం అలా కాదు. బట్టీలోంచి చక్కగా బయటికొచ్చిన పళ్లెం కొన్ని రోజుల తర్వాత దానంతటదే పగిలిపోవచ్చు.

ఎందుకు పగులుతుంది?

గాజు మంచి ఉష్ణవాహకం కాదు. వేగంగా చల్లార్చితే పైపొర ముందే గట్టిపడుతుంది. లోపలి భాగం ఆ తర్వాత చల్లారుతూ కుంచించుకోబోతే పైపొర అడ్డుకుంటుంది. దాంతో లోపల లాగుడు, పైన నొక్కుడు శాశ్వతంగా మిగిలిపోతాయి. కారు పక్క అద్దాల్లో ఈ ప్రతిబలాన్ని అంతటా సమంగా, కావాలనే కల్పిస్తారు. కళాకృతిలో అది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి చిన్న గీత పడినా పగులు పాకుతుంది.

ఎక్కడ ఆపాలి?

ప్రతి గాజుకూ ఒక ఎనీలింగ్ ఉష్ణోగ్రత ఉంటుంది. మామూలు కిటికీ గాజుకు ఇది సుమారు 545 డిగ్రీలు. ఆ వేడిలో గాజు ఆకారం చెడదు, లోపలి ప్రతిబలం మాత్రం నిమిషాల్లో సడలుతుంది. పళ్లెమంతా ఒకే వేడికి వచ్చేదాకా బట్టీని అక్కడే నిలిపి, ఆపై నెమ్మదిగా దించాలి. ఇదే మంద శీతలీకరణం. మరికొన్ని పదుల డిగ్రీలు దిగాక కొత్తగా శాశ్వత ప్రతిబలం ఏర్పడదు. అయినా చల్లగాలి తగిలితే ఉష్ణోగ్రతల తేడా వల్ల అప్పటికప్పుడే పగలవచ్చు. అందుకే గది వేడికి చేరేదాకా మూత తెరవకూడదు.

మందం రెట్టింపైతే?

లోపలికీ పైకీ మధ్య ఉష్ణోగ్రత తేడా మందం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 6 మి.మీ. పలకను గంటకు 80 డిగ్రీల చొప్పున చల్లార్చగలిగితే, అదే గాజుతో చేసిన 12 మి.మీ. పలకకు గంటకు 20 డిగ్రీలే తగిన వేగం. మందం రెట్టింపైతే సమయం నాలుగింతలు కావాలన్నమాట.

వ్యాకోచ గుణకాలు వేరైన రెండు గాజులను అతికిస్తే ఎంత నెమ్మదిగా చల్లార్చినా ప్రయోజనం ఉండదు.

పారదర్శక గాజును ఇంట్లోనే పరీక్షించవచ్చు. ల్యాప్‌టాప్‌లో తెల్లటి తెర పెట్టి, పోలరైజ్డ్ కళ్లద్దాలను తెర నల్లబడేదాకా తిప్పాలి. మధ్యలో గాజును ఉంచినప్పుడు వెలుగు మచ్చలు కనిపిస్తే, లోపల ప్రతిబలం మిగిలినట్లే. అలాంటి పళ్లెం పగలకముందే దాన్ని మళ్లీ బట్టీలో పెట్టి, నెమ్మదిగా ఎనీలింగ్ ఉష్ణోగ్రతకు తెచ్చి, ఈసారి తొందరపడకుండా చల్లార్చవచ్చు.